దాణాలో కలిసిపోయిన బంగారం

డెబ్బై ఏళ్ళు నిండగానే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం బెంజమిన్ డగ్గర్‌ని నిబంధన ప్రకారం ఇంటికి పంపింది. జీవితమంతా మొక్కల తెగుళ్ళను, బూజులను చదివిన మనిషి ఆయన. ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. 1944లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ పరిశోధనకు పెద్ద దిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అప్పటికే మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ బయటపడి, క్షయ రోగులకు ఆశ పుట్టించింది. ఆ మట్టిలో ఇంకేముందో వెతకడం డగ్గర్ పని.

తెలిసిన శాస్త్రవేత్తలందరికీ ఉత్తరాలు రాసి, మీ పొలం మట్టి కొంచెం పంపండి అని అడిగారు. పొట్లాలు వచ్చాయి. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం నుంచి విలియం ఆల్బ్రెక్ట్ పంపిన పొట్లం అందులో ఒకటి. శాన్‌బోర్న్ ఫీల్డ్ అని 1888 నుంచి వ్యవసాయ పరిశోధనలు సాగుతున్న పొలం అది. అందులో 23వ మడి, తిమోతి గడ్డి పెరిగిన నేల. ఆ మట్టిని పలుచన చేసి పోషక పదార్థం మీద చల్లితే పసిడి రంగులో ఒక సూక్ష్మజీవి మొలిచింది. డగ్గర్ దానికి ఎ-377 అని గుర్తు పెట్టుకున్నారు. దాని నుంచి వచ్చిన మందుకు రంగును బట్టి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ అని మనం పిలిచే మందుల వంశానికి మూలపురుషుడు అదే.

ఈ గాథ ఆ మందుది. దాని పుట్టుక ఎంత గొప్పదో చెప్పకపోతే అది ఎంత కిందికి పడిందో తెలియదు.

పెన్సిలిన్ అప్పటికే సైనికుల ప్రాణాలు కాపాడి పేరు తెచ్చుకుంది. కానీ అది కొన్ని జాతుల సూక్ష్మజీవుల మీదే పనిచేసేది, ఎక్కువగా సూదిమందుగా ఇవ్వాల్సి వచ్చేది. ఆరియోమైసిన్‌ని నోటితో మింగవచ్చు. పెన్సిలిన్‌కు లొంగని రోగాలు ఎన్నో దానికి లొంగాయి. టైఫస్ జ్వరం, రాకీ పర్వతాల మచ్చల జ్వరం, చిలకల నుంచి అంటుకునే న్యుమోనియా లాంటి వాటికి అంతవరకు నమ్మదగిన మందు లేదు. దీన్ని మొదట మనుషులకు ఇచ్చి చూసింది హార్లెం ఆసుపత్రిలో, లూయిస్ రైట్ అనే నల్లజాతి శస్త్రవైద్యుడి చేతుల మీదుగా. గజ్జల్లో గడ్డలు కట్టి ఏళ్ళ తరబడి పీడించే సుఖవ్యాధితో వచ్చిన పేదవాళ్ళు తేరుకుని లేచారు. తర్వాత ఈ వంశపు మందులు లేపనంగా మారి, చూపు తీసే ట్రకోమా మీద పోరాటంలో చేరాయి. కలరాకూ ప్లేగుకూ కూడా ఆ వంశం అడ్డు నిలిచింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించి, అక్కడ మగ్గాల మీద బతికే మన పద్మశాలి కుటుంబాలతో సహా జనం మూటాముల్లె సర్దుకున్నప్పుడు, మందుల దుకాణాల ముందు నిలబడి అడిగింది టెట్రాసైక్లిన్ గొట్టాలే.

1948 వేసవిలో ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. వయసు యాభై మూడేళ్ళు. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ వ్యాధి కొద్ది రోజుల తేడాలో తీసుకుపోతే, ఆ దుఃఖాన్ని మోసిన మనిషి. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, కేన్సర్ మందులకు దారి తీసిన పరిశోధన, వీటన్నిటి వెనక ఆయన చెయ్యి ఉంది. ఆరియోమైసిన్ పేటెంటు డగ్గర్ పేరున ఉంది, అది న్యాయమే. అయినా ఆ మందు పుట్టిన ఇంటిని నడిపింది మనవాడు. అందుకే ఆ మందు కథ చదువుతున్నప్పుడు తెలుగువాడికి గర్వంతో పాటు గుండెలో ఏదో కలుక్కుమంటుంది. ఆ తర్వాత జరిగింది ఆయన చూడలేదు.

నాలుగు నెలలు గడిచాయి. అదే ప్రయోగశాలలో థామస్ జూక్స్ అనే శాస్త్రవేత్త కోడిపిల్లల మేత మీద పనిచేస్తున్నారు. యుద్ధం తర్వాత చేపపొడి ఖరీదైపోయి, కోళ్ళకు సోయా పిండి పెట్టడం మొదలైంది. ఒట్టి మొక్కల మేత తిన్న కోడిపిల్లలు ఎదగవు, చచ్చిపోతాయి. జంతు మాంసంలో ఉండి మొక్కల్లో లేని ఏదో పోషకం కావాలి. అది బి-12 విటమిన్ అని అప్పుడప్పుడే తేలుతోంది. కాలేయం నుంచి తీస్తే ఖర్చు. ఆరియోమైసిన్ తయారుచేసే సూక్ష్మజీవి ఆ విటమిన్‌ని కూడా తయారుచేస్తుంది కాబట్టి, మందు తీసేశాక తొట్టెల్లో మిగిలిన పిప్పిని జూక్స్ కోడిపిల్లలకు పెట్టి చూశారు.

1948 డిసెంబరు 25. క్రిస్మస్ అని పనివాళ్ళంతా సెలవులో ఉన్నారు. జూక్స్ ఒక్కరే వచ్చి పిల్లలను తూకం వేశారు. పిప్పి తిన్నవి కాలేయ సారం తిన్నవాటికన్నా బరువు తూగాయి. విటమిన్ ఒక్కటే అయితే అంత తేడా రాదు. పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి మందే ఆ పని చేస్తోందని తర్వాత అర్థమైంది.

ఆ తూకమే ఈ గాథలో మలుపు. ఆ మనిషిలో దుర్బుద్ధి లేదు. ఆకలి ప్రపంచానికి చవకగా మాంసం అందించాలనే ఆయన అనుకున్నారు. కానీ ఆ రోజుతో ఒక మందు మేతగా మారింది. రోగి నోట్లో పడాల్సినది రోగం లేని కోడి ముక్కులోకి వెళ్ళింది, అదీ రోగాన్ని చంపే మోతాదులో కాదు, బరువు పెంచే అరకొర మోతాదులో.

పశువుల దాణా చేసేవాళ్ళు ఆ పిప్పి కోసం ఎగబడ్డారు. 1950 ఏప్రిల్‌లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ఈ సంగతి ప్రకటించగానే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది. 1951లో అమెరికా ఆహార ఔషధ సంస్థ, అంటే ఎఫ్.డి.ఎ., దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడానికి అనుమతి ఇచ్చింది. పశువైద్యుడి చీటీ కూడా అక్కర్లేదు. పందులు, దూడలు, టర్కీలు, కోళ్ళు అన్నీ ఆ మేతకు అలవాటు పడ్డాయి. కిక్కిరిసిన షెడ్లలో వేల కోళ్ళను పెంచడానికి ధైర్యం వచ్చింది. మురికి, ఇరుకు, గాలి లేకపోవడం అనే లోపాలను సరిచేయడం మానేసి, ఆ లోపాల మీద మందు కప్పారు. ఇప్పుడు మనం మామూలు పెంపకం అంటున్న పద్ధతి ఈ మందు ఆసరాతో ఇంత పెద్దదైంది. ఇది నా గట్టి అభిప్రాయం.

అంతటితో ఆగలేదు. 1955లో, కోసిన కోడిని కూడా ఆ మందు కలిపిన నీళ్ళలో ముంచితే మాంసం వారాల తరబడి పాడవదని, ఆ పద్ధతికీ ఎఫ్.డి.ఎ. ఒప్పుకుంది. చేపలకూ వాడారు. చచ్చిన పక్షి నిల్వ ఉండటానికి బతికున్న మనిషి మందును ఖర్చు పెట్టారు. 1966లో ఆ అనుమతి రద్దయింది గానీ, ఈలోగా ఎన్ని వంటిళ్ళలోకి ఆ మందు చేరిందో ఎవరూ లెక్క పెట్టలేదు. ఈ గాథ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే ఘట్టం ఇది. ఆకలి అనే సాకు కూడా ఇక్కడ లేదు.

హెచ్చరికలు లేవా అంటే, మొదటి రోజుల్లోనే వచ్చాయి. 1951లోనే స్టార్, రేనాల్డ్స్ అనే పరిశోధకులు స్ట్రెప్టోమైసిన్ కలిపిన మేత తిన్న టర్కీల పేగుల్లో ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయని చూపించారు. అది జరిగే తీరు కష్టమైనదేమీ కాదు. కోట్ల సూక్ష్మజీవుల్లో ఏ కొన్నింటికో మందును తట్టుకునే గుణం ముందే ఉంటుంది. మందు పడ్డప్పుడు మిగతావి చస్తాయి, ఇవి మిగులుతాయి, ఖాళీ అయిన చోటునంతా ఆక్రమిస్తాయి. అరకొర మోతాదు నెలల తరబడి ఇస్తూ పోతే ఈ ఎంపిక ఆగకుండా సాగుతుంది. టెట్రాసైక్లిన్ విషయంలో వాటి ఉపాయాల్లో ఒకటి, లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడిపోయడం. కణం పొరలో ఒక తోడు యంత్రం తయారవుతుంది. దాన్ని కనిపెట్టింది స్టువర్ట్ లెవీ అనే శాస్త్రవేత్త ప్రయోగశాల, 1980లో.

అంతకన్నా భయంకరమైన సంగతి జపాన్‌లో బయటపడింది. యుద్ధం తర్వాత అక్కడ రక్త విరేచనాల రోగుల్లో ఒకేసారి నాలుగైదు మందులకు లొంగని సూక్ష్మజీవులు కనిపించాయి. త్సుతోము వాటానబే, ఆయనతో పనిచేసినవాళ్ళు దాన్ని తవ్వి చూస్తే, నిరోధక గుణం ఒక సూక్ష్మజీవి నుంచి పక్కదానికి, ఒక జాతి నుంచి వేరే జాతికి కూడా చేతులు మారుతోందని తేలింది. ఆ గుణాన్ని మోసుకుపోయే చిన్న డిఎన్ఎ వలయాలను ప్లాస్మిడ్‌లు అంటారు. ఒక వలయంలో ఒకటి కాదు, నాలుగైదు మందుల నిరోధకతలు కూడా కలిసి ఉండవచ్చు. అంటే కోడి పేగులో పుట్టిన గుణం కోడిలోనే ఉండిపోదు. పెంటతో పొలానికి, నీళ్ళతో చెరువుకు, మాంసంతో వంటింటికి, పనివాడి చేతులతో అతని ఇంటికి నడిచి వెళ్తుంది.

ఇంగ్లండులో ఇ. ఎస్. ఆండర్సన్ అనే శాస్త్రవేత్త ఈ నడకను కళ్ళారా చూశారు. 1960లలో దూడల మందల్లో మందులకు లొంగని సాల్మొనెల్లా వ్యాపించి, దూడల్ని చంపి, మనుషుల్లోకి వచ్చింది. 1967 చివర్లో ఇంగ్లండు ఉత్తరాన మిడిల్స్‌బరో ప్రాంతంలో మందులకు లొంగని ఇ. కోలై అనే సూక్ష్మజీవి వల్ల విరేచనాలతో పసిపిల్లలు చనిపోయారు. ఆ కలవరంలోంచి మైకేల్ స్వాన్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడి, 1969లో నివేదిక ఇచ్చింది. మనుషుల వైద్యానికి పనికొచ్చే మందుల్ని బరువు కోసం దాణాలో కలపవద్దని అది స్పష్టంగా చెప్పింది. బ్రిటన్ పెన్సిలిన్, టెట్రాసైక్లిన్‌లను చీటీ లేకుండా దాణాలో వాడటం ఆపింది. అమెరికా ఆపలేదు.

ఇక లెవీ చేసిన ప్రయోగం. దీని దగ్గర కాసేపు నిలబడాలి. అమెరికాలో పశువుల మందుల కంపెనీల సంఘమే డబ్బిచ్చింది, దాణాలో మందు వల్ల మనుషులకు హాని లేదని తేలుతుందని నమ్మి. మసాచుసెట్స్‌లోని షెర్బోర్న్ అనే ఊళ్ళో ఒక చిన్న పొలం దొరికింది. మూడు వందల కోడిపిల్లల్ని తెచ్చారు. నూట యాభైకి మామూలు మేత. మిగతా నూట యాభైకి ఆరియోమైసిన్ తోబుట్టువైన ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన మేత. ఆ పొలంలోని ఇంట్లో ఉండే మనుషుల మలాన్ని, ఇరుగుపొరుగు వాళ్ళ మలాన్ని క్రమం తప్పకుండా పరీక్షించారు.

రెండు రోజులు తిరక్కుండానే మందు తిన్న కోళ్ళలో టెట్రాసైక్లిన్‌కు లొంగని ఇ. కోలై పెరగడం మొదలుపెట్టింది. మూడు నెలలయ్యేసరికి ఆ సూక్ష్మజీవులు ఆ కోళ్ళు ఎన్నడూ తినని ఇతర మందులకు కూడా లొంగడం మానేశాయి. మందు తినని కోళ్ళలోకీ అవి చేరాయి. ఆరు నెలల లోపు ఆ ఇంటి మనుషుల పేగుల్లో కూడా కనిపించాయి. ఆ ఇంట్లోవాళ్ళు ఆ కోళ్ళను తినలేదు, మందూ మింగలేదు. మేత వేసి, గూళ్ళు శుభ్రం చేశారు, అంతే. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో మార్పు లేదు. తర్వాత మందు మేత ఆపేశారు. మరో ఆరు నెలలకు ఆ ఇంట్లో చాలామంది పేగుల్లో ఆ లొంగని సూక్ష్మజీవులు కనిపించకుండా పోయాయి.

1976లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీన్ని ప్రచురించింది. మరుసటి సంవత్సరం, 1977లో, ఎఫ్.డి.ఎ. అధిపతి డోనాల్డ్ కెనడీ దాణాలో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్‌ల అనుమతులను రద్దు చేసే ప్రక్రియ మొదలుపెట్టారు. అక్కడితో ఈ గాథ సుఖాంతం కావలసింది. కానీ ఆ సంస్థకు డబ్బు మంజూరు చేసే ఉపసంఘానికి అధ్యక్షుడు మిసిసిపీకి చెందిన జేమీ విట్టెన్. ఇంకా పరిశోధనలు కావాలి, అవి తేలేదాకా ముందుకు వెళ్ళవద్దు అని బడ్జెట్ ద్వారానే కట్టడి పెట్టారు. పరిశోధనలు జరుగుతూ పోయాయి, ఏళ్ళు గడుస్తూ పోయాయి. 1977 నాటి ఆ ప్రతిపాదనలను 2011 డిసెంబరులో ఎఫ్.డి.ఎ. అధికారికంగా వెనక్కి తీసుకుంది. ముప్పై నాలుగేళ్ళు. మనుషులకు ముఖ్యమైన మందులను బరువు కోసం వాడటం అమెరికాలో ఆగింది 2017 జనవరి 1 నుంచే.

ఆ ముప్పై నాలుగేళ్ళలో మందు సత్తువ కోల్పోయింది. ఒక్క రోజున కూలిపోయి ఉంటే జనం గమనించేవారు. ఇది ఒక్కో ఊళ్ళో, ఒక్కో ఆసుపత్రిలో, ఒక్కో రోగి దగ్గర విడివిడిగా ఓడిపోయింది. ఈ ఓటమిలో మనుషుల వైద్యంలో జరిగిన విచ్చలవిడి వాడకం వాటా కూడా పెద్దదే, దాన్ని దాచను. మొత్తం మీద మందులకు లొంగని సూక్ష్మజీవుల వల్ల నేరుగా ప్రపంచవ్యాప్తంగా 2019 ఒక్క ఏడాదే 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది.

పోయినది తిరిగి వస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు కొన్ని పొలాల్లో ఉంది. సేంద్రియ పెంపకానికి విలువ అక్కడే.

అమెరికాలో 2002 నుంచి అమల్లో ఉన్న జాతీయ సేంద్రియ నిబంధనల ప్రకారం యాంటీబయాటిక్ ఇచ్చిన జంతువును సేంద్రియం అని అమ్మకూడదు. ఎమీ సప్‌కోట అనే పరిశోధకురాలి బృందం అమెరికా తూర్పు తీర రాష్ట్రాల్లో పది మామూలు కోళ్ళ ఫారాలను, కొత్తగా సేంద్రియానికి మారిన పదింటిని పోల్చి 2011లో ఫలితాలు ప్రకటించింది. మారిన ఫారాల్లో వాళ్ళు చూసింది మొట్టమొదటి సేంద్రియ మందనే. అవే షెడ్లు, మారింది మేత, పద్ధతి. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే సూక్ష్మజీవుల్లో మూడు, అంతకు మించి మందు తరగతులకు లొంగనివి మామూలు ఫారాల్లో 42 శాతం ఉంటే, సేంద్రియానికి మారినవాటిలో 10 శాతం. ఎంటెరోకాకస్ ఫీషియంలో 84 శాతం ఎదుట 17 శాతం. మందు ఆపడమే ఇంత మేలు చేస్తుందని చూసినప్పుడు 1977 తర్వాత పడిన ఆ కట్టడి మీద దుఃఖం రెట్టింపవుతుంది.

అయితే ఆ 10 శాతం, 17 శాతం కూడా ఉన్నాయి కదా. సేంద్రియ కోడిమాంసం మీద సూక్ష్మజీవులే ఉండవని ఎవరైనా చెబితే నమ్మవద్దు. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అప్పటికి వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2012లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, మాంసం మీద రోగకారక సూక్ష్మజీవులు ఉండటంలో రెండు రకాలకూ పెద్ద తేడా కనబడలేదు. తేడా ఎక్కడంటే, మూడు, అంతకు మించి మందులకు లొంగనివి మామూలు కోడిలో, పందిమాంసంలో ఎక్కువ. కాబట్టి ఏ రకం కొన్నా చేతులు కడుక్కోవాలి, బాగా ఉడకబెట్టాలి. ఇంకో లొసుగు కూడా ఉంది. అమెరికా నిబంధనలు కోళ్ళకు వర్తించేది పిల్ల పుట్టిన రెండో రోజు నుంచి. దాంతో హేచరీలో గుడ్డులో ఉండగానో, మొదటి రోజునో మందు పడే సందు మిగిలిపోయింది.

కెంటకీలో పందుల మంద మీద సాగిన పరిశోధన మరీ కలచివేస్తుంది. 1972 నుంచి ఆ మందకు ఏ యాంటీబయాటిక్ ఇవ్వలేదు, మేతలోనూ కాదు, వైద్యానికీ కాదు. 126 నెలల తర్వాత చూస్తే పేగు సూక్ష్మజీవుల్లో టెట్రాసైక్లిన్‌కు లొంగనివి 82 శాతం నుంచి 42కు దిగాయి. పదేళ్ళకు పైగా మందు ముఖం చూడని మందలో కూడా దాదాపు సగం ఆ మందును ఇంకా ఓడిస్తూనే ఉన్నాయి. ఏ మందునైతే మొదట మేతగా మార్చారో, ఆ వంశమే ఇంత నెమ్మదిగా కోలుకుంటోంది.

డెన్మార్క్ ఇంకో పాఠం నేర్పింది. వాంకోమైసిన్ అనే ప్రాణాధారమైన మందుకు దగ్గరి చుట్టమైన అవోపార్సిన్‌ను అక్కడ దాణాలో వాడేవారు. 1995లో నిషేధించారు. కోళ్ళలో వాంకోమైసిన్‌కు లొంగని ఎంటెరోకాకస్ ఫీషియం 73 శాతం దగ్గర ఉన్నది 2000 నాటికి 6 శాతం లోపుకు పడిపోయింది. పందుల్లో మాత్రం తగ్గలేదు. ఎందుకా అని చూస్తే, ఆ నిరోధక గుణం, టైలోసిన్ అనే ఇంకో మందుకు నిరోధక గుణం ఒకే ప్లాస్మిడ్ మీద కలిసి కూర్చున్నాయి. టైలోసిన్ వాడుతున్నంత కాలం రెండూ బతికే ఉన్నాయి. టైలోసిన్ ఆపాకే రెండూ తగ్గాయి. ఒక మందు ఆపి ఇంకోటి కొనసాగిస్తే సరిపోదని దీంతో తెలిసింది. బరువు కోసం వాడే యాంటీబయాటిక్‌లన్నిటినీ ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. 2022 జనవరి 28 నుంచి, రోగం రాకుండా ముందుగానే మంద మొత్తానికి అలవాటుగా వేసే పద్ధతినీ ఆపింది.

నా మొగ్గు ఐరోపా సేంద్రియ నిబంధన వైపు. అమెరికాలో ఒక ఆవుకు పొదుగువాపు వచ్చి యాంటీబయాటిక్ వేస్తే అది మళ్ళీ ఎప్పటికీ సేంద్రియ పాలు ఇచ్చే ఆవు కాదు. గుర్తింపు కోసం వైద్యం ఎగ్గొట్టకూడదని నిబంధనలో రాసి ఉంది, నిజమే. అయినా రైతు మీద పడే నష్టం రైతు చేతిని ఆపుతుంది, బాధ పడేది ఆవు. ఐరోపాలో జబ్బు చేసిన జంతువుకు మందు ఇవ్వవచ్చు. కానీ ఏడాదికి ఇన్నిసార్లే అని హద్దు ఉంది, పాలకూ మాంసానికీ ఆగాల్సిన గడువు రెట్టింపు. మందు రోగికి ఉండాలి, రోగం లేనివాడికి కాదు. డగ్గర్ మట్టిని వెతికింది అందుకే.

ఇక మన నేలకు వద్దాం. కోడిగుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. బ్రాయిలర్ల విషయంలో ఎక్కువమంది రైతులు కంపెనీతో ఒప్పందం మీద పెంచుతారు. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందులూ కంపెనీవే. షెడ్డు, నీళ్ళు, కరెంటు, కూలి రైతువి. కిలో బరువుకు ఎంత దాణా తిన్నది అనే లెక్క మీద రైతుకు దక్కేది తేలుతుంది. అలాంటి రైతును పట్టుకుని, మందు ఎందుకు వాడావు అని నిలదీయడం అన్యాయం. సంచిలో ఏమి కలిసి వచ్చిందో అతనికే తెలియకపోవచ్చు.

సుబ్బారావు పుట్టిన భీమవరం చుట్టూ ఇప్పుడు కనుచూపు మేర చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వ్యాధి వస్తే ఒక్క రాత్రిలో లక్షలు మునిగిపోయే సాగు. చెరువు గట్టు మీద నిలబడ్డ రైతు భయం నిజమైనది. ఆ భయానికి మందు డబ్బాలు అమ్మినవాళ్ళు ఉన్నారు. నిషేధించిన యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికి, విదేశాలకు వెళ్ళిన మన రొయ్యల సరుకు తిరస్కరణకు గురైన సందర్భాలు ఉన్నాయి. విదేశీ పరీక్షలో పట్టుబడ్డ సరుకు గురించి పత్రికలు రాస్తాయి. మన సంతలో అమ్ముడై మన వంటింట్లోకి వచ్చిన దాని గురించి ఎవరు రాస్తారు?

ఆరియోమైసిన్ గతి ఇంకో మందుకు పట్టబోయిన సంగతి కూడా చెప్పాలి. ఆసుపత్రుల్లో మరే మందూ పనిచేయనప్పుడు చివరి ఆశగా ఇచ్చేది కొలిస్టిన్. దాన్ని చైనాలో పందుల దాణాలో టన్నుల కొద్దీ కలిపారు. 2015 నవంబరులో దానికి లొంగని గుణం ప్లాస్మిడ్ మీద చేతులు మారుతోందని చైనా శాస్త్రవేత్తలే ప్రకటించారు. 2017లో చైనా దాణాలో దాన్ని ఆపింది. భారత ప్రభుత్వం 2019 జూలైలో ఆహారం కోసం పెంచే జంతువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని, తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. ఆరియోమైసిన్ విషయంలో అమెరికా ముప్పై నాలుగేళ్ళలో చేయలేని పని ఇక్కడ నాలుగేళ్ళలో అయింది. అంటే తలుచుకుంటే అవుతుంది.

జూక్స్ 1999లో, తొంభై మూడేళ్ళ వయసులో చనిపోయారు. తను కనిపెట్టిన దాన్ని ఆయన చివరిదాకా గట్టిగా సమర్థించారు. డగ్గర్ 1956లోనే పోయారు. ఆ తరంలో మట్టిలోంచి కొత్త మందులు వెల్లువగా వచ్చాయి, ఒకటి పోతే ఇంకోటి వస్తుందన్న ధీమా అందరిలోనూ ఉండేది. ఆ వెల్లువ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఉన్నవే మనకు ఉన్నవి.

అందుకే రెండు రాష్ట్రాల పశుసంవర్థక శాఖలకూ, మత్స్య శాఖలకూ, దాణా కంపెనీలకూ నా విన్నపం ఒకటే. కోళ్ళ దాణా సంచి మీదా, రొయ్యల మేత సంచి మీదా అందులో కలిపిన ప్రతి మందు పేరు, మోతాదు పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చు వేయండి. పశువైద్యుడి చీటీ లేకుండా యాంటీబయాటిక్ డబ్బా ఏ దుకాణంలోనూ అమ్మనివ్వకండి. ఇరుకు తగ్గించి, గాలీ శుభ్రతా పెంచి, టీకాలు వేసి, మందు మేత మానేసిన రైతుకు కిలో మీద ఒక రూపాయి ఎక్కువ ఇవ్వండి. చదువుతున్న మీరు కూడా ఈసారి చికెన్ కొట్టుకు వెళ్ళినప్పుడు, ఈ కోళ్ళకు ఏం మేత పెట్టారు అని ఒక్కసారి అడగండి. కొట్టువాడికి తెలియకపోతే తెలుసుకుని చెప్పమనండి. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడగండి.